బట్టీ కాడ నేను పెట్టిన బడి

మొన్న వేసవి సెలవుల్లో నేను ఇటుక బట్టీ పిల్లలకు ఇరవై రోజులు చదువు చెప్పాను. అందులో నేను చేసిన తప్పులు, మా సోషల్ సారు చెప్పిన ఒక విదేశీ ఆయన సంగతి కలిపి ఈ గోడ పత్రికలో రాస్తున్నాను.

మా తాండాకు కిలోమీటరు దూరంలో బట్టీ ఉంది. అక్కడ పనిచేసేవాళ్ళు ఒడిశా రాష్ట్రం బలంగీర్ వైపు నుంచి వస్తారు. వానలు తగ్గాక వచ్చి, మళ్ళీ వానలు పడేలోపు వెళ్ళిపోతారు. ముందే అడ్వాన్సు తీసుకొని వస్తారు. వెయ్యి ఇటుకలకు ఇంత అని కూలి. అందుకని ఇంటిల్లిపాదీ పనిలోకి దిగుతారు. పెద్దవాళ్ళు మట్టి కలిపి అచ్చులు పోస్తే, పిల్లలు ఆరుతున్న ఇటుకల్ని పక్కకు తిరగేస్తారు. అది చేతకాని పిల్లలు చంటివాళ్ళను ఎత్తుకుంటారు. వాళ్ళ ఊళ్ళో బడి ఒరియాలో, ఇక్కడ బడి తెలుగులో. సగం సంవత్సరం అక్కడ, సగం ఇక్కడ. ఇంక చదివేది ఎప్పుడు? 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలందరికీ ఉచితంగా చదువు చెప్పాలని 2009లో చట్టం వచ్చింది. వీలైనంతవరకు తల్లి భాషలోనే చెప్పాలని కూడా అందులో ఉంది.

మొదటి రోజు నేను పలకలు, సుద్దముక్కలు పట్టుకొని పెద్ద టీచరమ్మ లాగా పోయాను. తొమ్మిదిమంది వచ్చారు. వేపచెట్టు కింద కూర్చోబెట్టి "అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు" అనమన్నాను. వాళ్ళు నా నోటి వంకే చూస్తా కూర్చున్నారు. నేను గట్టిగా అరిచాను. అరిస్తే అర్థమవుతుందని ఎందుకనుకున్నానో! మూడో రోజుకు నలుగురే మిగిలారు. ఇంటికొచ్చి "వాళ్ళకు చదువు మీద శ్రద్ధే లేదు" అని మా యాడితో అన్నాను. యాడి బాటీలు కాలుస్తా నవ్వింది. "ఒకటో తరగతిలో నిన్ను కూడా అదే మాట అన్నారు" అంది.

నిజమే. అప్పుడు నాకు తెలుగు రాదు. నీళ్ళ బొమ్మ చూపించి ఇదేంటి అంటే మా సుగాలీ మాటలో "పాణి" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత చాలా రోజులు నేను నోరు తెరవలేదు. నాతోపాటు చేరిన మా చిన్నాన్న కూతురు ఆ ఏడే మానేసింది. ఇప్పుడు మిరపకాయల కోతకు పోతాంది. మా ఇద్దరిలో తెలివైనది అదే.

ఆ రాత్రి నాకు సోషల్ సారు ఎనిమిదిలో చెప్పిన పాఠం గుర్తుకొచ్చింది. అప్పుడు నోట్సులో రాసుకున్నాను గానీ తలకెక్కలేదు. ఆయన పేరు హైమన్‌డార్ఫ్. 1909లో వియన్నాలో పుట్టారు. 1939లో మన దేశంలో ఉండగా రెండో ప్రపంచ యుద్ధం వచ్చి, ఇంటికి పోయే దారిలేక నిజాం రాజ్యంలో ఉండిపోయారు. ముందు మన కృష్ణకు అవతల, అమ్రాబాద్ అడవిలో చెంచుల మధ్య ఉన్నారు. 1940లో జోడేఘాట్ దగ్గర కొమురం భీం పోలీసు కాల్పుల్లో చనిపోయాక, గోండులకు అంత కోపం ఎందుకు వచ్చిందో తెలుసుకోమని నిజాం ప్రభుత్వం ఆయన్ని ఆదిలాబాద్ అడవుల్లోకి పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ గారు మార్లవాయి అనే గోండు గూడెంలో గుడిసె వేసుకొని ఉన్నారు.

నాకు ముఖ్యంగా నచ్చింది ఇది. 1943లో అక్కడ చదువు మొదలుపెట్టినప్పుడు, బయటినుంచి పంతుళ్ళను తెప్పించలేదు. బయటి పంతులుకు గోండి రాదు, అడవిలో నిలవడు. అందుకని ముందు గోండు యువకులకే తర్ఫీదు ఇచ్చి వాళ్ళను పంతుళ్ళుగా చేశారు. మొదటి వాచకాలు గోండి మాటలతోనే, నాగరి అక్షరాల్లో తయారుచేశారు. అంటే పిల్లవాడికి మాట ముందే తెలుసు, అక్షరం ఒక్కటే కొత్త. నేనేమో మాటా కొత్తదే, అక్షరమూ కొత్తదే, రెండూ ఒకేసారి నెత్తిన పెట్టాను. బెట్టీ గారు 1987లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. హైమన్‌డార్ఫ్ గారు 1995లో లండన్‌లో చనిపోయారు. ఇప్పటికీ జనవరి 11న మార్లవాయిలో గోండులు వాళ్ళను తలుచుకుంటారు.

నాలుగో రోజు పలక పక్కన పెట్టి, కుండ చూపించి ఇదేంటి అని సైగ చేశాను. అందరికంటే చిన్నవాడు ముక్కు తుడుచుకుంటా "పాణి" అన్నాడు. నాకు ఒళ్ళు ఝల్లుమంది. మా మాటే! నేను కూడా "పాణి" అన్నాను. అందరూ నవ్వారు, అయితే ఈసారి నాకు బాధ కలగలేదు. పలక మీద "పాణి" అని రాసి ఇచ్చాను. వాళ్ళు నేర్చిన మొదటి అక్షరాలు అవే. ఆపైన రోజుకు ఐదారు మాటలు వాళ్ళు చెప్పడం, నేను తెలుగు అక్షరాల్లో రాయడం. నేను వాళ్ళ మాట తప్పుగా పలికితే వాళ్ళకు భలే సంతోషం.

ఇంకో తప్పు చెప్పాలి. పదేళ్ళ పిల్ల ఒకతి చంటిదాన్ని చంకనేసుకొని వచ్చేది. ఏడుస్తుందని "పాపను తీసుకురావద్దు" అని సైగ చేశాను. రెండు రోజులు ఆ పిల్లే రాలేదు. పాపను ఎక్కడ పెట్టి వస్తుంది? నేనే గుడిసెకు పోయి పిలుచుకొచ్చాను, నేలమీద మా పాత దుప్పటి పరిచాను. ఆ పిల్ల ఇటుకల వరస చూసి, నేను లెక్కపెట్టేలోపు ఎన్నో చెప్పేసేది. కానీ 10 అని రాయమంటే రాదు. ఇటుకలతోనే పదులు, వందలు చెప్పాను. నాలుగు రోజుల్లో వచ్చేసింది. నాకు ఎక్కాలకు ఎన్ని నెలలు పట్టిందో అడగకండి.

జూన్‌లో వాన పడింది. మరునాడు పొద్దున పోయి చూస్తే గుడిసెలు ఖాళీ. రాత్రే లారీ ఎక్కారట. చెప్పి పోలేదని ఏడుపొచ్చింది. చెట్టు కింద ఒక పలక మిగిలింది. దానిమీద సగం తడిసిపోయి "పా" అని ఉంది.

దీపావళి దాటాక బట్టీకి మళ్ళీ జనం వస్తారు. వాళ్ళే వస్తారో, వేరేవాళ్ళు వస్తారో. సంక్రాంతి సెలవుల్లో మళ్ళీ బడి పెడదామనుకుంటున్నాను. పలకలు పగలనివి ఉంటే నాకివ్వండి. వార్డెన్ మేడం గారు మునుపు పార్వతీపురం వైపు పనిచేశారు, అక్కడ ఒరియా వచ్చినవాళ్ళు ఉంటారు. ఒరియా అక్షరాలు ఒక కాగితం మీద ఎవరిచేతనైనా రాయించి తెప్పిస్తే, ఈసారి వాళ్ళ అక్షరాలు కూడా నేర్చుకొని పోతాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని, మాచర్ల వైపు తాండా