సగం సగం ఒప్పందంలో మేస్త్రీ సంతకం ఏది?

కాజీపల్లి నుంచి బొల్లారం, అమీన్‌పూర్ దాకా మందుల ఫ్యాక్టరీల పక్కనే అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. వీటిలో చాలావాటి వెనుక ఉండేది డెవలప్‌మెంట్ అగ్రిమెంట్. భూమి ఒకరిది, కట్టుబడి ఇంకొకరిది, ఫ్లాట్లలో ఇద్దరికీ వాటా. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరయ్యే ఆ కాగితం మీద వాళ్లిద్దరి సంతకాలే ఉంటాయి. సెంట్రింగో, గోడలో, ప్లాస్టరింగో గుత్తకు పట్టిన మేస్త్రీకి మిగిలేది నోటిమాట, ఒక డైరీ పేజీ.

ఫ్లాట్లు అమ్ముడుపోతేనే బిల్డర్ చేతికి డబ్బు వస్తుంది. అమ్మకాలు మందగించినా, భూయజమానితో వాటా తగాదా వచ్చినా మొదట ఆగేది మేస్త్రీ బిల్లు. 'పైనుంచి రాలేదు' అని బిల్డర్ అంటాడు. ఆదివారం కూలి కోసం నిలబడ్డవాళ్లకు మేస్త్రీ ఆ మాట చెప్పలేడు. సెంట్రింగ్ సామాను కిరాయి ఆగదు. తాకట్టుకు భూమి లేని మాల, మాదిగ మేస్త్రీకి బ్యాంకు అప్పు దొరకడం కష్టం, ఫైనాన్స్ వడ్డీయే దిక్కు. కోట్ల ప్రాజెక్టుకు అప్పు పెట్టేది, దానికి వడ్డీ కట్టేది చివరికి అతనే.

ఉదాహరణకు 20 లక్షల పనిలో 5 శాతం 'రిటెన్షన్' పేరుతో ఆపితే లక్ష రూపాయలు. అతని మిగులు కూడా లక్షే అయితే, లాభమంతా బిల్డర్ దగ్గరే ఉండిపోయినట్టు.

2016 రెరా చట్టం కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచమంటుంది, భూయజమానినీ ప్రమోటర్‌గా లెక్కేస్తుంది. అదంతా కొనేవాళ్ల రక్షణకే. 2025 దాకా అమల్లో ఉన్న 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టంలో కూలి బాకీకి మొదటి బాధ్యుడు కాంట్రాక్టర్, ఆ తర్వాతే ప్రధాన యజమాని. మేస్త్రీ ఆ లెక్కలో కాంట్రాక్టరే! తన బిల్లును కూలి కింద అడగలేడు. కేంద్ర కొనుగోళ్లలో ఎస్సీ, ఎస్టీ సంస్థలకున్న 4 శాతం కోటా నిర్మాణ పనులకు వర్తించదు, ప్రైవేటు బిల్డర్ల సంగతి సరేసరి.

బ్రిటన్‌లో 1994 లేథమ్ నివేదిక తర్వాత యజమాని, పెద్ద కాంట్రాక్టర్ భాగస్వాముల్లా పనిచేయాలనే ధోరణి పెరిగింది. అయితే 'నాకొస్తేనే నీకిస్తా' అనే షరతు చాలావరకు చెల్లదని 1996లోనే అక్కడ చట్టం చేశారు. ఇక్కడ అలాంటి చట్టం లేదు.

అందుకే పని మొదలుపెట్టే ముందే రాతపూర్వక వర్క్ ఆర్డర్ అడగాలి. ప్రతి స్లాబుకూ కొలతల మీద సైట్ ఇంజనీర్ సంతకం తీసుకోవాలి. భూయజమాని ఎవరో రెరా వెబ్‌సైట్‌లో చూడొచ్చు. బాకీ కోసం సివిల్ దావా వేయడానికి గడువు మామూలుగా పని పూర్తయిన రోజు నుంచి 3 ఏళ్లు. 'వచ్చే నెల' అంటూ తిప్పే బిల్డర్‌కు ఆ సంగతి తెలుసు.