గ్లవ్ బాక్సులో లేని పుస్తకం

కారుతో పాటు మన చేతికి వచ్చేది ఓనర్స్ మాన్యువల్. సీటు ఎలా సర్దుకోవాలి, డాష్‌బోర్డు మీద ఏ దీపం వెలిగితే ఏమిటర్థం, ఆయిల్ ఎప్పుడు మార్చాలి, అంతవరకే దాని పని. కారును విప్పి మళ్లీ బిగించే పద్ధతంతా వేరే పుస్తకంలో ఉంటుంది. దాన్ని సర్వీస్ మాన్యువల్ అంటారు, కొన్ని కంపెనీలు రిపేర్ మాన్యువల్ అంటాయి. డీలర్ దగ్గర మెకానిక్ కంప్యూటర్‌లో చూసుకునేది అదే. అది డీలర్లకే పరిమితమని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు. కాదు. అమెరికాలో అది ఎవరికైనా దొరుకుతుంది, అదీ కారు తయారుచేసిన కంపెనీ నుంచే.

టయోటా మాన్యువల్‌లో ముందు బ్రేకుల పేజీ తీసి చూడండి. బ్రేకు భాగాలన్నీ విడదీసి, ఏది దేని వెనక కూర్చుంటుందో వరసగా గీసి ఉంటుంది. కొన్ని భాగాల పక్కన నల్లచుక్క కనిపిస్తుంది. ఒకసారి విప్పాక ఆ భాగాన్ని మళ్లీ వాడకూడదని దాని అర్థం. బోల్టుల పక్కన అంకెలుంటాయి. ఎంత బలంతో బిగించాలో అవి చెబుతాయి. కామ్రీ చక్రాల నట్లకు 103 న్యూటన్ మీటర్లు, అంటే 76 ఫుట్ పౌండ్లు. హోండా అకార్డ్‌కు 108, అంటే 80 ఫుట్ పౌండ్లు. టైర్ల షాపులో గన్ పెట్టి ఇష్టమొచ్చినట్టు బిగించేస్తే, రాత్రిపూట హైవే పక్కన టైరు పంక్చరైనప్పుడు ఆ నట్టు మన చేతికి ఊడిరాదు. ఈ ఒక్క అంకె తెలిసినా షాపువాణ్ణి టార్క్ రెంచి వాడమని అడగొచ్చు.

స్పానరు పట్టే అలవాటు లేనివాళ్లకు ఇదంతా ఎందుకంటారా? నా ఉద్దేశంలో వాళ్లకే ఎక్కువ అవసరం. మన ఇళ్లలో చాలా కనిపించే హోండా ఒడిస్సీనే తీసుకోండి. ఆ వీ6 ఇంజన్‌లో వాటర్ పంపును తిప్పేది టైమింగ్ బెల్టే. బెల్టు మార్చాలన్నా పంపు మార్చాలన్నా ఇంజన్ పక్క భాగమంతా ఒకేలా విప్పాలి. ఆ పేజీ ఒక్కసారి చూసినవాళ్లు బెల్టుతో పాటే పంపూ మార్పిస్తారు, విప్పే కూలీ రెండుసార్లు కట్టరు. ఎస్టిమేట్‌లో ఒకే కూలీని రెండు వరసల్లో వేశారేమో కూడా పట్టుకోగలరు.

ఈ హక్కు ఊరికే రాలేదు. 1990లో క్లీన్ ఎయిర్ చట్టాన్ని సవరించినప్పుడు, పొగకు సంబంధించిన రిపేరు సమాచారం బయటి మెకానిక్కులకూ ఇవ్వాలన్నారు. 1996 మోడళ్ల నుంచి, కారు లోపాల కోడ్‌లు చదివే ఓబీడీ-2 సాకెట్ తప్పనిసరయింది. మిగతా సమాచారం కోసం బయటి గ్యారేజీల వాళ్లు ఏళ్ల తరబడి పోరాడారు. 2012లో మసాచుసెట్స్ ఓటర్లు రిపేరు హక్కు, అంటే రైట్ టు రిపేర్ ప్రతిపాదనను భారీ మెజారిటీతో గెలిపించారు. రాష్ట్రానికో చట్టం వస్తే తట్టుకోలేమని కార్ల కంపెనీల సంఘాలు 2014 జనవరిలో దేశమంతటికీ వర్తించే ఒప్పందం మీద సంతకం పెట్టాయి. డీలర్లకు ఇచ్చే సమాచారమే కారు యజమానికీ, బయటి గ్యారేజీకీ న్యాయమైన ధరకు ఇవ్వాలన్నది అందులోని మాట.

అందుకే ఇవాళ టయోటాకు టెక్‌ఇన్ఫో, హోండాకు సర్వీస్ ఎక్స్‌ప్రెస్, ఫోర్డ్‌కు మోటర్‌క్రాఫ్ట్ సర్వీస్ అనే అధికారిక సైట్లున్నాయి. ఏడాది చందా కట్టక్కర్లేదు. టయోటాకు రెండు రోజుల చందా, ఫోర్డ్‌కు 72 గంటలది, హోండాకు ఒక్క రోజుది ఉన్నాయి. టెస్లా అయితే సర్వీస్ మాన్యువల్‌నూ పార్ట్స్ కేటలాగ్‌నూ ఉచితంగానే ఇస్తోంది, అకౌంట్ తెరిస్తే చాలు. మీ కంపెనీ సైటు ఏదో తెలియకపోతే ఎన్ఏఎస్‌టీఎఫ్ అనే సంస్థ పేజీలో అన్ని కంపెనీల లింకులూ ఒకేచోట ఉంటాయి. చందా కట్టేముందు ఏయే పనుల పేజీలు కావాలో కాగితం మీద రాసుకోండి. శనివారం పొద్దున కట్టి, బ్రేకులు, ద్రవాలు, ఫిల్టర్లు, వైరింగ్ పటాలు సొంత వాడకానికి పీడీఎఫ్‌గా దాచుకుంటే, కారు ఉన్నన్నాళ్లూ పనికొస్తాయి.

విడిభాగాల పటాలకు చందా కూడా అక్కర్లేదు. డీలర్లు నడిపే పార్ట్స్ సైట్లలో అవి ఉచితంగా కనిపిస్తాయి. ముందు మీ విన్ నంబరు కొట్టాలి. డ్రైవరు వైపు, ముందు అద్దం కింద అంచులో ఉండే 17 అక్షరాల సంఖ్య అది. అంకెలతో పొరపడకుండా ఐ, ఓ, క్యూ అక్షరాలు అందులో వాడరు. పదో స్థానం మోడల్ సంవత్సరం: ఎల్ అంటే 2020, ఆర్ అంటే 2024. ఒకే ఏడాది ఒకే మోడల్‌లో కూడా రెండు రకాల ఇంజన్లుంటాయి కనుక మోడల్ పేరు చూసి పార్టు కొనడం కంటే విన్ కొట్టి కొనడమే క్షేమం.

ఆయిల్ పాన్ పటం తెరిస్తే, అడుగున డ్రెయిన్ ప్లగ్, దానికీ పాన్‌కీ మధ్య ఒక వాషర్ కనిపిస్తాయి. చాలా టయోటాల్లో దాని నంబరు 90430-12031. మొదటి అయిదు అంకెలు అది గ్యాస్కెట్ అని చెబుతాయి, తర్వాతి 12 అది 12 మిల్లీమీటర్ల బోల్టుకు పనికొచ్చేదని. ఆయిల్ మార్చిన ప్రతిసారీ కొత్తది వేయాల్సిన వస్తువు. ఖరీదు చాలా తక్కువ. పాతదే తిప్పివేస్తే గ్యారేజీ నేల మీద చుక్కలు పడతాయి. హోండాకు ఆయిల్ ఫిల్టర్ 15400-పిఎల్ఎమ్-ఎ02. ఈ నంబరు చేతిలో ఉంటే ఏ డీలరు ధర ఎంతో, పోస్టులో తెప్పిస్తే ఎంతో రెండు నిమిషాల్లో తేలుతుంది.

సొంతంగా ఆయిల్ మార్చుకుంటే వారంటీ పోతుందన్న భయం మన అసోసియేషన్ పార్కింగ్ లాట్లలో తరచూ వినబడుతుంది. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం అలా పోదు. కొన్న ఆయిల్, ఫిల్టర్ల రసీదులు, మైళ్లు, తేదీ రాసి దాచుకోండి.

పబ్లిక్ లైబ్రరీ కార్డును మరిచిపోవద్దు. చాలా లైబ్రరీలు చిల్టన్ వంటి రిపేర్ సమాచారాన్ని ఇంటి నుంచే చూడనిస్తాయి. అవి కంపెనీ పుస్తకాలు కావు గానీ, సెకండ్ హ్యాండ్ కరోలా కొన్న విద్యార్థికి అక్కడ మొదలుపెట్టడం మేలు. కంపెనీలు డీలర్లకు పంపే సర్వీస్ బులెటిన్లను అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్లో ఉచితంగా చదవొచ్చు, రీకాల్ ఉందేమో విన్ కొట్టి చూడొచ్చు. వింత శబ్దమేదో వస్తుంటే గ్యారేజీకి పరిగెత్తకముందే ఆ బులెటిన్లు వెతకండి. అదే శబ్దం గురించి కంపెనీయే డీలర్లకు రాసి ఉండొచ్చు.

అయిదారు డాలర్లకు అమ్మే స్కాన్ చేసిన పీడీఎఫ్‌ల జోలికి పోకండి. వేరే ఏడాదిదో, వేరే దేశపు మోడల్‌దో అంటగడతారు, టార్క్ అంకె తప్పితే బోల్టు తెగుతుంది. ఎయిర్ బ్యాగులు, హైబ్రిడ్ బ్యాటరీల పేజీలను చదవడానికే ఉంచుకోండి, చేతులు పెట్టకండి. మామూలు బ్యాటరీ కేబుల్ తీశాక ఎయిర్ బ్యాగ్ ముట్టుకునేముందు కనీసం 90 సెకన్లు, హైబ్రిడ్ సర్వీస్ ప్లగ్ తీశాక 10 నిమిషాలు ఆగాలని చాలా టయోటా మాన్యువల్స్ చెబుతాయి. ఆ ఆగడం వెనక ఎంత విద్యుత్తు నిల్వ ఉంటుందో తెలిసిన మెకానిక్కే ఆ పని చేయాలి.

ఇండియాలో అమ్మానాన్నల కారు గురించి కూడా ఒక మాట. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలు, మాన్యువల్స్, డయాగ్నొస్టిక్ పరికరాలు బయటి మెకానిక్కులకు అందనివ్వకపోవడమే నేరం. కంపెనీలు ట్రిబ్యునల్‌కు, కోర్టులకు వెళ్లాయి. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. సెలవులకు ఊరెళ్లినప్పుడు నాన్నగారి కారు విన్ ఫొటో తీసుకుని, ఆ పోర్టల్‌లో ఆ కంపెనీ పేజీ తెరిచి, ఏమేం పెట్టారో ఆయన పక్కన కూర్చుని చూడండి.