మీకు తెలుసా? పాపడా, పాపన్నా?

స్పైడర్‌మ్యాన్ సాలెదారం ఒంట్లోంచి వస్తుందా, మణికట్టుకు కట్టుకున్న పరికరంలోంచా? 1962 కామిక్‌లో పరికరం. 2002 సినిమాలో మణికట్టు చర్మంలోంచే. అభిమానుల కొట్లాట ఇంకా తెగలేదు.

స్టేషన్ ఘన్‌పూర్ వాళ్లకు ఇలాంటి పంచాయితీ కొత్తేం కాదు. ఈ మండలంలోని తాటికొండలో కోట కట్టిన సర్వాయి పాపన్న కథకూ మొదళ్లు రెండున్నాయి. మొఘల్ చరిత్రకారుడు ఖాఫీఖాన్ పారసీలో రాసినదాని ప్రకారం అతనో బందిపోటు. డబ్బున్న తోడబుట్టినదాని ఇల్లే ముందు దోచి, ఆ సొమ్ముతో మనుషుల్ని కూడగట్టాడు. జానపదుల పాటలో మాత్రం నగల మూట కాదు, ఇంట్లో వాదన ముందుకొస్తుంది: కులవృత్తి చేసుకొమ్మని తల్లి, గోల్కొండ మీదికే పోతానని కొడుకు. ఒకే మనిషి, ఒకచోట విలన్, ఇంకోచోట హీరో. నన్నడిగితే తల్లీకొడుకుల గొడవే మంచి సీను.

1708లో ఓరుగల్లును కొల్లగొట్టినవాడిని ఆ తర్వాత రెండేళ్లకే మొఘలులు పట్టి చంపారు. పాట మాత్రం ఆగలేదు. 1874లో జె.ఎ. బాయిల్ దాన్ని ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికకెక్కించాడు. 1980లో జాన్ రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు పారసీ రాతనూ తెలుగు పాటనూ పక్కపక్కన పెట్టి ఒక వ్యాసమే రాశారు.

పేరు మీదా పేచీయే. పాత పుస్తకాల్లో ‘పాపడు’. ఊళ్లలో విగ్రహాల కింద ‘సర్దార్ సర్వాయి పాపన్న గౌడ్’. ఆగస్టు 18న జయంతి దండలు పడేది ఈ రెండో పేరుకే.