పాత యుద్ధశకటములు ఏమవుతాయి?

పోయిన సంవత్సరము ఒకనాడు శామీర్‌పేట వైపు నుండి బస్సులో వచ్చే విద్యార్థి ఒకడు మా కళాశాల ప్రయోగశాలకు ఒక పాత మీటరు తెచ్చి నా బల్లమీద పెట్టినాడు. మేడ్చల్ దారిలో పాత ఇనుము కొనే దుకాణములో తూకము లెక్కన కొన్నాడట. నల్లటి ముఖము, దానిమీద ఒకప్పుడు తెల్లగా ఉండి ఇప్పుడు కాఫీరంగుకు తిరిగిన అంకెలు. "చీకట్లో పెట్టి చూశాను సార్, వెలగడము లేదు. రేడియము చచ్చిపోయినట్లున్నది" అన్నాడు. గైగర్ గణకమును దగ్గరకు తెచ్చేసరికి అది చిటచిటలాడసాగినది. వెలుగు చచ్చినది గాని రేడియము చావలేదు.

ఆ మీటరు ఏ బండిదో చెప్పడానికి గుర్తులేమీ మిగలలేదు. కాని రెండవ ప్రపంచయుద్ధకాలపు సైనిక వాహనములలో అటువంటివి మామూలు. వాటిలో ఒక జాతి బ్రిటిష్ వారి ఆర్మర్డ్ కార్లు, అనగా ఉక్కు కవచము తొడిగి, పైన ఫిరంగి అమర్చి, గొలుసులు గాక చక్రములమీదనే నడిచే యుద్ధశకటములు. సేవ ముగిసిన తరువాత ఇవి ఎక్కడికి పోతాయి?

సికిందరాబాదు, బొల్లారము దండు ప్రాంతముల వారికి ఈ బండ్లు కొత్తవి కావు. 1948 సెప్టెంబరు 13 నుండి 18 వరకు జరిగిన సైనికచర్యనాటికి హైదరాబాదు సంస్థాన సైన్యమువద్ద హంబర్ అనే రకపు ఆర్మర్డ్ కార్లు ఉండేవి. హంబర్ చరిత్రలో మన దేశపు పాలు మరికొంత ఉన్నది. భారతసైన్యములో ఫిరంగులను లాగడానికి కారియర్ కార్ఖానా తయారుచేస్తున్న బండి చట్రముమీదనే, 1941లో, ఈ కవచమును ఎక్కించినారు. సైన్యములో అప్పటికే 'కారియర్' అనే మాటతో వేరొక వాహనము ఉండుటచేత, పొరపాటు రాకుండా, అదే యాజమాన్యముక్రింది మరొక కంపెనీ పేరు హంబర్ అని పెట్టినారు. కట్టినవారొకరు, పేరొకరిది! మొత్తము 3,600కు పైగా తయారైనవి. బరువు సుమారు 7 టన్నులు, కవచము అతిమందమైన చోట 15 మిల్లీమీటర్లు. 1962లో 14,000 అడుగులకు పైన ఉన్న చుషూల్ రక్షణకు రాష్ట్రపతి అంగరక్షకదళము వారి హంబర్లు వెళ్లినవి. అప్పటికి వాటి వయస్సు ఇరువది ఏండ్లు!

వీటికి ముందుతరము మరీ చిత్రము. 1920 ప్రాంతములలో ఇండియా కొరకు తయారైన క్రాస్లీ కార్ల చట్రములు అరిగిపోగా, రెండవ యుద్ధారంభములో ఆ కవచపు డొక్కలనే ఊడదీసి షెవ్రొలే లారీ చట్రములమీద బిగించినారు. పాత శరీరమునకు కొత్త కాళ్లన్నమాట. యుద్ధానంతరము వచ్చిన ఫెర్రెట్ కారు 1952 నుండి 1971 వరకు 4,400 వరకు తయారైనది. దానికి వెనుకకు కూడ అయిదు గేర్లున్నవి గనుక ముందుకెంత వేగమో వెనుకకూ అంతే! ఇంగ్లండులో సైన్యము విడిచిపెట్టిన ఫెర్రెట్లను సామాన్యులు కొనుక్కొని రోడ్డుమీద నడుపుకుంటున్నారు. మన దేశములో అదృష్టవంతమైనవి మ్యూజియములకు చేరినవి. 1994లో అహ్మద్‌నగర్‌లో స్థాపించిన అశ్వికదళ ట్యాంకు మ్యూజియములో రోల్స్‌రాయిస్ ఆర్మర్డ్ కారు ఒకటి ఉన్నది. అటువంటి భాగ్యము లేనివాటికి కొలిమియే గతి.

కవచపు పలకను ముక్కలుచేయడము సులభము కాదు. దానిలో నికెలు, క్రోమియము, మాలిబ్డినము వంటి లోహములను కలిపి, ఎర్రగా కాచి, ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరుస్తారు. రంపము దానిమీద జారిపోతుంది. అందుచేత గ్యాస్ కట్టరు తెస్తారు. అది ఇనుమును కరిగిస్తుందని చాలమంది అనుకుంటారు. నిజానికి అది ఇనుమును మండిస్తుంది! ఎసిటిలీన్ జ్వాలతో పలకను సుమారు 900 డిగ్రీల వరకు కాచి, ఆపైన శుద్ధమైన ఆక్సిజన్ ధారను వదులుతారు. ఇనుము కట్టెవలె మండి ఆక్సైడు అవుతుంది. ఆ ఆక్సైడు ఉక్కుకంటె తక్కువ ఉష్ణోగ్రతలోనే కరుగుతుంది గనుక, గాలిధాటికి తుంపరలై ఎగిరిపోతుంది. ఒకసారి అంటుకున్న తరువాత మండే ఇనుమే కావలసిన వేడిని చాలవరకు ఇస్తుంది. మన దుకాణముల ముందు రాలే నిప్పురవ్వలు ఇవే.

ఇక మీటరు సంగతి. పూర్వము రేడియము లవణమును జింకు సల్ఫైడుతో కలిపి అంకెలకు పూసేవారు. రేడియమునుండి వెలువడే ఆల్ఫాకణములు తగిలినప్పుడల్లా సల్ఫైడు మినుకుమంటుంది. ఈ దెబ్బలకు కొన్నేళ్లలో సల్ఫైడు స్ఫటికములు చెడిపోతాయి, వెలుగు పోతుంది. రేడియము అర్ధాయువు మాత్రము 1,600 సంవత్సరములు. ఎనుబది ఏండ్లంటే అందులో ఇరువదవ వంతు. లెక్కకట్టితే నూటికి 96 పాళ్లకు పైగా ఇంకా అట్లే ఉన్నది. ఈ లెక్కను తరగతిలో విద్యార్థులచేత చేయిస్తే బాగుంటుంది.

అద్దము పగలనంతవరకు ఆల్ఫాకణములు బయటికి రావు. కాగితమే వాటిని ఆపగలదు. పగిలితే ఆ పొడి వ్రేళ్లకంటి, నోటిలోనికి పోవచ్చును. రేడియము కాల్షియము కుటుంబములోనిది కనుక శరీరము దానిని ఎముకలలో దాచుకుంటుంది. తూకానికి ఇత్తడి వేరుచేద్దామని మీటరును సుత్తితో కొట్టే కుర్రవానికి ఈ విషయము ఎవరు చెప్పాలి?

పగలగొట్టకుండా కొలిమిలో వేస్తే? అక్కడ రసాయనశాస్త్రము నిర్ణయిస్తుంది. ఇనుముకంటె సులభముగా ఆక్సైడయ్యే రేడియము పైకి తేలే చిట్టెములోనికి పోతుంది. సీసియము ఆవిరియై ధూళిలో చేరుతుంది. కోబాల్టు మాత్రము నికెలువలె ఉక్కులోనే మిగిలిపోతుంది. అందువలన ఆస్పత్రులలో, ప్రయోగశాలలలో వాడే కోబాల్టు-60 పాత ఇనుములో కలిస్తే, అది కొత్త ఉక్కులో కలిసి ఎవరి ఇంటికైనా రావచ్చును. 2010లో ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుము బజారులో, ఒక విశ్వవిద్యాలయము వేలమువేసిన పరికరమును విప్పినప్పుడు బయటపడిన కోబాల్టు-60 వలన ఒకరు మరణించినారు, పలువురు జబ్బుపడినారు. దానితో పోలిస్తే మీటరులోని రేడియము చాల స్వల్పము. అయినా రెండూ ఒకే తక్కెడమీదికి వచ్చేవే. మూసిన గొట్టములు, పాత గుండ్లు కొలిమిలో పేలడము వేరే ప్రమాదము. పాత బ్రేకు పట్టీలలోని రాతినార దుమ్ము మరొకటి.

ఇటువంటి మీటరు దొరికితే విప్పకూడదు, తుడవకూడదు, గీకకూడదు. ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతగల డబ్బాలో ఉంచి, పిల్లలు కూర్చునే చోటికి దూరముగా పెట్టవలెను. 10 సెంటీమీటర్ల నుండి ఒక మీటరు దూరమునకు జరిపితే గామాకిరణముల తీవ్రత నూరవ వంతుకు తగ్గుతుంది. చేతులు కడుక్కొని, ముంబాయిలోని అణుశక్తి నియంత్రణ మండలికి తెలియజేయవలెను. మేమూ అట్లే చేసినాము. ఆ సాయంకాలము విద్యార్థిని వెంటబెట్టుకొని దుకాణమునకు వెళ్లినాను. యజమాని అంతా విని, లోపలికి వెళ్లి, మేకుకు వ్రేలాడుతున్న మరి రెండు మీటర్లను తెచ్చి మా డబ్బాలో వేసినాడు. డబ్బులు పుచ్చుకోలేదు.