మా పేరున్నదా అయ్యగారూ?

2023 ఆగస్టు నెలలో ఒక ఆదివారం. దేవరకొండకు అవతల ఎర్రనేలల మధ్య ఉన్న ఒక చిన్న సంఘములో ఆరాధన ముగిసింది. ఆశీర్వచనం కాగానే లేచి ఇళ్లకు పోవలసినవారు ఆ రోజు లేవలేదు. ఆ వారమే ఓటర్ల ముసాయిదా జాబితా వచ్చింది. డిగ్రీ చదివిన ఒక యువకుడు ఆ ఊరికి సంబంధించిన కాగితాలన్నీ మండల కేంద్రములో తీయించి తెచ్చాడు. గుడి వరండాలో చాప పరచి, ఒక్కొక్క పేరే చదువుతుంటే మేమును కూర్చొని విన్నాము. మేము వెళ్లినది స్త్రీల సమాజ కూటములను గూర్చి నాలుగు మాటలు వ్రాసుకొని వద్దామని. వ్రాసుకొని వచ్చినది వేరే సంగతి.

మగవారి పేర్లు గబగబ సాగిపోయాయి. చిక్కంతా ఆడవారి దగ్గరే వచ్చింది. ఇంట్లో ఎల్లమ్మ, బాప్తిస్మములో ఎలీసబెతమ్మ, ఆధారు కార్డులో కంప్యూటరు ముందు కూర్చున్నవాడు ఎలా కొడితే అలా. ఈ మూడింటిలో జాబితాలోకి ఎక్కిన పేరు ఏదో ఆ తల్లికే తెలియదు. “నీ భర్త పేరేమిటమ్మా?” అని అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని పక్కనున్న పిల్లవాణ్ణి చూసే పెద్దమ్మలు ఇంకా ఉన్నారు. పిల్లవాడు చెప్పాలి, ఈమె తలూపాలి.

కాగితాలు సగం తిరిగాక అరవై దాటిన ఒక విధవరాలు, “మా పేరున్నదా అయ్యగారూ?” అని పాస్టరుగారిని అడిగింది. ఆ యువకుడు రెండుసార్లు వెదికాడు.

“నీ పేరు లేదవ్వా.”

“లేకపోవుడేంది బిడ్డా? పోయినసారి ఏసిన గద.”

ఆమె ఏడాదిలో ఏడెనిమిది నెలలు కూతురు అల్లుడితో పట్నం పోతుంది. వాళ్లు కట్టడం పనికి పోతే ఈమె పిల్లలను చూసుకుంటుంది. ఇంటికి వచ్చి చూసినవారికి తాళం కనబడింది. ఊరు విడిచి పోయినట్లు వ్రాసుకొన్నారు. నోటీసు ఇచ్చామని వారంటారు, నాకు రాలేదని ఈమె అంటుంది. ఎవరిది నిజమో మేము చెప్పలేము. ఆమెకు పట్టుకొన్న దిగులు మాత్రం ఓటు గురించి కాదు. “ఓటు పోతే పోయె. బతికున్న మనిషిని లేదని రాస్తే రేపు పింఛను గూడ పోతదేమో అయ్యగారూ” అన్నది. పింఛను జాబితా వేరు, ఓటర్ల జాబితా వేరు అని పాస్టరుగారు నచ్చజెప్పారు. ఆమె నమ్మినట్లు కనబడలేదు. కాగితములో పేరు లేకపోవడము అంటే ఏమిటో ఆమెకు మనకంటే బాగా తెలుసు.

పేరు లేని స్త్రీ సంగతి మన దేశములో మొదటి సాధారణ ఎన్నికల నాడే వచ్చింది. 1951–52 ఎన్నికలకు జాబితాలు తయారుచేసేటప్పుడు లక్షలాది స్త్రీలు తమ సొంత పేరు చెప్పడానికి ఒప్పుకోలేదు. ఫలానావాని భార్య, ఫలానావాని తల్లి అనే వ్రాయించుకొన్నారు. అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ అలా కుదరదన్నారు, పేరు చెప్పడానికి మరికొంత గడువిచ్చారు. అయినా చెప్పనివారి పేర్లను తీసివేశారు. దేశములోని సుమారు 8 కోట్ల స్త్రీ ఓటర్లలో 28 లక్షలమంది అలా జాబితా బయట నిలిచారు. ఎక్కువమంది బీహారు, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ వైపువారు. ఆ రోజులలో అది కఠినమని కొందరన్నారు. మాకు మాత్రం ఆయన చేసినది మంచిదే అనిపిస్తుంది. తరువాతి ఎన్నికలకు ఆ స్త్రీలు పేరు చెప్పక తప్పలేదు గదా. సంఖ్యాకాండములో ఇశ్రాయేలు మగవారిని లెక్కబెట్టిన ఆ పెద్ద జాబితా మధ్య సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురి పేర్లు ఒక్కొక్కటిగా వ్రాసి ఉన్నవి. మన ఆదివారపు బడి పిల్లలు ఆ పేర్లు చెప్పగలరు. వాళ్ల అమ్మమ్మ పేరు ఓటరు జాబితాలో ఎలా ఉందో చెప్పగలరా?

మన రెండు జిల్లాల సంగతి చూద్దాము. వయసు వచ్చినవారందరికీ ఓటు అనేది నిజాం కాలములో లేదు. కృష్ణ, తుంగభద్ర దాటితే మద్రాసు రాజధానిలో 1921 నుండి ఆస్తిగల స్త్రీలకు కొద్దిమందికైనా ఓటు ఉండేది. ఇటువైపున అదీ లేదు. అలాంటి చోట 1952లో ఒక్కసారిగా కూలికి పోయే తల్లికీ దొరసానికీ సమానంగా ఓటు వచ్చింది. ఆ ఎన్నికలలో నల్లగొండ నుండి రావి నారాయణరెడ్డి దేశములో అందరికంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకొని లోకసభకు వెళ్లారు, నెహ్రూగారికన్నా ఎక్కువ. (అది ద్విసభ్య నియోజకవర్గం, ఒక్కొక్కరికి రెండేసి ఓట్లు అన్నది కూడా చెప్పాలి.) అదే ఏట సాయుధ పోరాటములో పాల్గొన్న ఆరుట్ల కమలాదేవి ఆలేరు నుండి శాసనసభకు గెలిచారు. 1957లో, 1962లో మళ్లీ గెలిచారు. ఆ తరువాత తుంగతుర్తి నుండి మల్లు స్వరాజ్యం 1978లోను, 1983లోను గెలిచారు. తుపాకి పట్టిన చేతులు ఓటు అడగడానికి వచ్చినప్పుడు గడప దాటని ఆడవారు కూడా దాటి ఉంటారని మా ఊహ.

అయితే స్త్రీల ఓటు ప్రభుత్వాలను కదిలించగలదని రాష్ట్రమంతటికీ తెలిసినది సారా విషయములోనే. 1991–92లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన స్త్రీలు తమ ఊరి సారా అంగడిని మూయించారు. ఆ కథ చదువుల పుస్తకములో పాఠమై ఊరూరా పాకింది. నల్లగొండ, పాలమూరు పల్లెలలో కూడా సారా పాకెట్ల వలన కూలి డబ్బు ఇల్లు చేరని సంసారాలు ఎన్నో మన సంఘాలలోనే చూచాము. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధమయింది. 1994 డిసెంబరు ఎన్నికలలో సంపూర్ణ మద్యనిషేధము వాగ్దానం చేసిన ఎన్.టి. రామారావు గొప్ప మెజారిటీతో గెలిచారు, 1995 జనవరిలో దానిని అమలులో పెట్టారు. 1997లో దానిని ఎత్తివేశారు. ఎత్తివేసేటప్పుడు ఆ స్త్రీలను ఎవరూ అడగలేదు. ఓటు ఒకరోజు పని, ప్రభుత్వం అయిదేండ్ల పని. ఈ తేడాను మన తల్లులు అప్పుడే తెలుసుకొన్నారు.

నల్లగొండవారు ఇంకొక చిత్రమైన పని కూడా చేశారు. 1996 లోకసభ ఎన్నికలలో ఫ్లోరైడు నీటి బాధ ఢిల్లీకి వినబడాలని జలసాధన సమితి పిలుపు మీద జనం కుప్పలుగా నామినేషన్లు వేశారు. 480 మంది అభ్యర్థులు! ఓటు కాగితం పుస్తకమంత అయ్యింది, పోలింగు వాయిదా పడింది. ఆ తరువాత ధరావతు 500 రూపాయల నుండి 10 వేలకు పెంచారు. నడుము వంగిన పిల్లలను ఎత్తుకొని, మంచినీటి బిందె కోసం మైళ్లు నడిచిన తల్లులకు ఆ పేర్ల పుస్తకం అర్థమయినంతగా అధికారులకు అర్థమయిందో లేదో. ఒక సంగతి గమనించాలి. జాబితాలో పేరున్నవారే అభ్యర్థి కాగలరు. పేరు లేనివారు నిరసన కూడా ఆ విధంగా తెలుపలేరు.

మేము కూర్చున్న ఆ వరండాలోనే దీనికి సాక్ష్యముగా ఒక కోడలు ఉంది. అచ్చంపేట వైపునుండి వచ్చిన పిల్ల, ఇంటరు చదివింది, పొదుపు సంఘం లెక్కలు వ్రాస్తుంది. 2019 జనవరి పంచాయతీ ఎన్నికలలో ఆమె వార్డు స్త్రీలకు వచ్చింది. నిలబడు అక్కా అని అందరూ అన్నారు. తీరా చూస్తే పేరు పుట్టింటి ఊరి జాబితాలోనే ఉంది! ఆ గ్రామ జాబితాలో పేరు లేకపోతే పోటీ చేయడానికి వీలులేదు. పెళ్లయి ఆరేండ్లయినా ఎవరూ మార్పించలేదు. అత్తగారికి ఆమె ఓటు గుర్తు రాలేదు, పుట్టింటివారు తీయించలేదు. చివరకు చదువురాని ఇంకొకామెను నిలబెట్టారు, మీటింగులకు ఆమె భర్త పోయాడు. తెలంగాణలో 2018 చట్టము ప్రకారం పంచాయతీలలో సగం స్థానాలు స్త్రీలవి. స్థానము ఇచ్చినా జాబితా ఇవ్వకపోతే ఇలాగే ఉంటుంది.

అంకెల సంగతి కొంచెం చెప్పుకొందాము. 1962 లోకసభ ఎన్నికలలో దేశములో నూటికి 63 మంది పురుషులు ఓటువేస్తే స్త్రీలు 47 మందే వేశారు. 2019కి స్త్రీలు 67.18, పురుషులు 67.01. 2024లోనూ స్త్రీలే ఒక అడుగు ముందున్నారు. అయితే ఈ లెక్క జాబితాలో ఉన్నవారిది మాత్రమే. జాబితాలోనికి రాని స్త్రీ ఓటు వేయనివారి లెక్కలోకి కూడా రాదు. అందుకే నమోదు అనేది పైకి కనబడని సమస్య. మన తెలంగాణలో 2023 అక్టోబరు 4న వచ్చిన జాబితాలో పురుషులు సుమారు 28 వేలు ఎక్కువ ఉండిరి. నవంబరు 30 పోలింగు నాటికి మొత్తం ఓటర్లు 3 కోట్ల 26 లక్షలయ్యారు, స్త్రీలు మూడు వేల పైచిలుకు ముందుకు వచ్చారు. నెలరోజులలో ఇంత మార్పు వచ్చిందంటే ఎన్ని వరండాలలో ఎందరు కూర్చొని పేర్లు చదివారో!

పార్టీలవారు ఈ అంకెలను మనకంటే ముందు చూస్తారు. 1983లో రెండు రూపాయల బియ్యము, 1999లో దీపం గ్యాసు, తరువాత పావలా వడ్డీ, 2014లో కల్యాణలక్ష్మి, 2023 డిసెంబరు 9 నుండి ఆర్టీసీ బస్సులో ఉచిత ప్రయాణము. ఇవన్నీ ఆడవారి చేతిలో ఓటుందని తెలిసి వచ్చినవే. ఏ స్త్రీ ఎవరికి వేసిందో పెట్టె చెప్పదు గనుక, ఫలానా పథకమే ఫలానా పార్టీని గెలిపించిందని అనేవారి మాట మేము పూర్తిగా నమ్మము. పాత రెండు జిల్లాలలోని 26 అసెంబ్లీ స్థానాలలో 2023లో గెలిచిన స్త్రీలు మాత్రం ఇద్దరే, కోదాడలో ఒకరు, నారాయణపేటలో ఒకరు. ఓటు అడగడానికి ఆడవారు కావాలి, టికెట్టు ఇవ్వడానికి అక్కరలేదు. ఇంకొకటి కూడా దాచకుండా చెప్పాలి. 2022 నవంబరులో మునుగోడు ఉపఎన్నికలో నూటికి 93 మంది ఓటువేశారు. ఆ రోజులలో డబ్బు మాట ఊరూరా వినబడింది. మన విశ్వాసుల ఇళ్లలో ఆ కవరు ముట్టనివారు ఎందరో మేము లెక్క అడగము. ఎవరికి వారే లెక్క అప్పగించాలి.

ఇక నమోదు సంగతి. పాలమూరు నుండి బొంబాయికి, పుణేకు, పట్నానికి వలసపోయే కుటుంబాలు ముఖ్యముగా తెలుసుకోవలసినది ఏమంటే, 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము ప్రకారం తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన ఆ ఊరి నివాసము పోదు. అలా పోయారని పేరు తీయాలంటే ఆ మనిషికి చెప్పుకొనే అవకాశం ఇవ్వాలి. పేరు పోయినా, కొత్తగా చేరాలన్నా 6వ ఫారము. పెళ్లయి ఊరు మారినా, పేరు తప్పుపడినా 8వ ఫారము. చనిపోయినవారిని తీయించడానికి 7వది. పూర్వం జనవరి 1 ఒక్కటే వయసు లెక్కకు తేదీగా ఉండేది. ఇప్పుడు ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటవ తేదీలు కూడా ఉన్నవి. ఫోను చేయడానికి 1950 అనే నంబరు ఉంది. రెండు ఊళ్లలో పేరు ఉంచుకోవడము నేరము, పుట్టింటి మీద మమకారము దానికి సాకు కాదు. కార్డు బీరువాలో భద్రముగా ఉన్నదని నిశ్చింతగా ఉండేవారికి ఒక్కమాట. 2018 డిసెంబరు 7న హైదరాబాదులో బాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల ఓటుకు వెళ్తే జాబితాలో పేరే లేదు. ఆమె గొంతు దేశమంతా వినబడింది, అధికారి క్షమాపణ చెప్పారు. మన వరండాలోని అవ్వకు అంత గొంతు లేదు.

ఆ అవ్వకు ఆ సాయంత్రమే 6వ ఫారము నింపారు. వేలిముద్ర వద్దని, వంకరటింకరగా సంతకమే చేసింది. బైబిలు చదువుకోవడానికి నేర్చుకొన్న అక్షరాలట. కోడలిపిల్ల 8వ ఫారము తానే నింపుకొని, ఇంకో నలుగురికి నింపి ఇచ్చింది. అంగన్‌వాడీ టీచరమ్మ వచ్చి అన్నీ తీసుకొని పోయింది.

అక్టోబరులో మేము మళ్లీ అటు వెళ్లినప్పుడు తుది జాబితా వచ్చి ఉంది. అవ్వ పేరు ఉంది, భర్త పేరు కూడా సరిగానే ఉంది. వయసు మాత్రం 43 అని పడింది. ఆడవాళ్లందరూ విరగబడి నవ్వారు. “ఇరవై ఏండ్లు తగ్గిచ్చిండ్రు, ఉండనీ బిడ్డా” అని ఆమె కూడా నవ్వుతూనే చెప్పులు తొడుక్కొన్నది. గేటు దాకా పోయి మళ్లీ తిరిగి వచ్చి ఆ యువకుడి చేయి పట్టుకొన్నది.

“రేపే సరిచేయించు బిడ్డా. పింఛనోళ్లు చూస్తరు.”