విడుదల కాని పాట

తెలుగులో 'విడుదల' అనే మాటకు రెండు అర్థాలున్నవి. చెర నుండి బయటపడుట ఒకటి. పుస్తకమో, చిత్రమో, పాటయో ప్రజల ముందుకు వచ్చుట రెండవది. దుఃఖమయమైన బంధాన్ని విడిచి వెళ్లినవారు తమ అనుభవాన్ని పాటగా కట్టినప్పుడు ఈ రెండర్థాలు ఒకచోట కలుస్తవి. మనిషికి విడుదల లభించినా పాటకు లభించకపోవచ్చును. అట్టి పాటలు ఎందుకు ఆగిపోతవో, వాటిపై హక్కు ఎవరిదో ఈ వ్యాసంలో వివరింపదలచినాము.

పాప్ సంగీతంలో 'డెమో' అనగా నమూనా పాట. రచయిత తన బాణీని ఒక గిటారుతోనో, పియానోతోనో పాడి, పాట స్వరూపం ఇతరులకు తెలియుటకై రికార్డు చేసి పెట్టుకొంటాడు. మన సినిమా పాటలకు ముందుగా ఒకరు 'ట్రాక్' పాడుట, పిదప వేరొక గాయకుడు వచ్చి దానిని అనుసరించి పాడుట తెలిసినదే. డెమో దానికి దగ్గరి చుట్టము. చాల డెమోలు పెట్టెలలోనే ఉండిపోతవి.

పాట ఆగిపోవుటకు ముఖ్యంగా మూడు కారణాలు కనిపిస్తవి. మొదటిది స్థలాభావం. పాత లాంగ్ ప్లే రికార్డులో ఒక్కొక్క ముఖంపై సుమారు 20 నిమిషాల సంగీతమే సరిగా పడుతుంది. ఫ్లీట్‌వుడ్ మాక్ బృందానికి చెందిన స్టీవీ నిక్స్, తమ బృందంలోని లిండ్సే బకింగ్‌హామ్‌తో ప్రేమ తెగిపోయిన వేళ 'సిల్వర్ స్ప్రింగ్స్' అనే పాట వ్రాసినది. అది నమూనా కాదు, పూర్తయిన పాటయే; అయినను నిడివి కారణంగా 1977 నాటి 'రూమర్స్' ఆల్బమ్‌లో దానికి చోటు దొరకలేదు. ఒక చిన్న రికార్డు వెనుక ముఖంపై మిగిలిన ఆ పాట 1997లో వేదికపై పాడిన పిదపనే లోకానికి బాగుగా తెలిసినది.

రెండవది కర్తల అసమ్మతి. స్వీడన్ దేశపు ఆబా బృందం 1982లో 'జస్ట్ లైక్ దట్' అనే పాటను రికార్డు చేసి ఆపివేసినది. 1994లో వచ్చిన సంకలనంలో దాని కొంత భాగం మాత్రమే వెలువడినది.

మూడవది మరణం. ఆంగ్ల గాయని ఏమీ వైన్‌హౌస్ 2011లో మరణించినది. ఆమె విడిచిన నమూనాలను ఇతరులు పూర్తిచేసి అమ్మకుండ నాశనం చేసినామని రికార్డు సంస్థ బ్రిటన్ శాఖ అధిపతి 2015లో వెల్లడించినారు. దానిని సంగీతానికి నష్టమనవచ్చును. గాయని గౌరవానికి రక్షణ అని కూడ అనవచ్చును.

వీటికంటె బలమైన నాలుగవ కారణం మన ఇండ్లలో ఉన్నది. అది లోకభయం. వేటపాలెంలో 1918లో స్థాపితమైన సారస్వత నికేతనం గ్రంథాలయం కలదు. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేసినారు. పాత పత్రికలకై పరిశోధకులు అక్కడికి వస్తారు. అచ్చయినది అక్కడ భద్రం. కాని అదే ఊరి మగ్గాల ఇండ్లలో కండెలు చుట్టుతూ ఒక స్త్రీ తనలో తాను పాడుకొనిన పాటను ఏ గ్రంథాలయం కాపాడగలదు?

మన అప్పగింతల పాటలలో ఇల్లు విడుచుట కలదు. అది పుట్టిల్లు విడుచుట. దంపుళ్ల పాటలలో, తిరుగటి పాటలలో అత్తవారింటి కష్టాలు కలవు. కాని 'ఆ ఇంటిని విడిచివచ్చితిని' అనే పాట నలుగురిలో వినవచ్చుట అరుదు. వచనంలో చలం 'మైదానం' నవలలో భర్తను విడిచి వెళ్లిన రాజేశ్వరి చేతనే కథ చెప్పించినాడు. అందుకు ఆయన పొందిన నింద తక్కువ కాదు. షరీఅత్‌లో స్త్రీ కోరి విడిపోవుటకు 'ఖులా' ఉన్నది. 1939 నాటి ముస్లిం వివాహ రద్దు చట్టం, 1955 నాటి హిందూ వివాహ చట్టం కొన్ని కారణాలపై విడాకుల మార్గం చూపినవి. ధర్మశాస్త్రం, చట్టం ఒప్పుకొన్న మాటను ఇరుగుపొరుగు ఇంకను ఒప్పుకొనలేదు. అందుచేతనే పాట గొంతులో ఆగిపోతున్నది.

అట్లని ఆ పాటను బలవంతంగా బయటికి లాగరాదు. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం ప్రచురింపని రచనకు కూడ హక్కు కలదు. 1994 సవరణ తరువాత పాడినవారి సమ్మతి లేకుండ వారి పాటను రికార్డు చేసి ప్రచారంలో పెట్టుట వారి హక్కుకు భంగమగును. చట్టం మాట అటుంచినా, ఒక ఇంటి రహస్యం వీధిన పడితే కష్టం ఆమెకే గాని వినినవారికి కాదు.

నేడు ప్రతి విద్యార్థి చేతిలోను రికార్డు చేసే ఫోను ఉన్నది. మీ అమ్మమ్మయో, నానీయో, మేనత్తయో అట్టి పాట పాడితే ముందు అనుమతి అడగండి. ఇచ్చినచో ఊరు, తేదీ వ్రాసి భద్రపరచండి. ఇతరులకు వినిపింపవచ్చునా అని మరల వేరుగా అడగండి. వద్దన్నచో ఆ మాటను మన్నించండి. భద్రపరచుట వేరు, విడుదల చేయుట వేరు. మొదటిది మన బాధ్యత. రెండవది పాడినవారి హక్కు. బంధాన్ని విడుచుటకు ఆమె ఎవరి అనుమతికై ఎన్నేండ్లు వేచినదో మనకు తెలియదు. ఆమె పాట విషయంలోనైనను నిర్ణయం ఆమెదిగా ఉండవలెనని మా మనవి.