కోలారు గనిలో కనిపించిన వింత జాడలు

కోలారు గనులంటే అందరికీ బంగారమే గుర్తొస్తుంది. మన జిల్లా భూగర్భంలో సైన్సు చరిత్ర కూడా ఉంది. 1965లో ఛాంపియన్ రీఫ్ గనిలో, దాదాపు 2.3 కిలోమీటర్ల లోతున, టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు జపాన్, బ్రిటన్ బృందాలతో కలిసి వాతావరణ న్యూట్రినోల జాడ పట్టారు. ఆకాశం నుంచి కురిసే ఇతర కణాలను పైనున్న రాయి చాలావరకు ఆపేస్తుంది. అందుకే అంత లోతు.

1970లలో అక్కడే వింత జాడలు కనిపించాయి. సొరంగంలోని గాలిలో ఒకేచోట నుంచి కణాలు చీలినట్లు గీతలు పడ్డాయి. వీటికి ‘కోలార్ ఘటనలు’ అని పేరు. కృష్ణ పదార్థం (డార్క్ మ్యాటర్) కణాలు విచ్ఛిన్నం కావడమే కారణమై ఉండవచ్చని ఎం.వి.ఎన్. మూర్తి, జి. రాజశేఖరన్ 2014లో సూచించారు.

ఇలాంటి మాటను నమ్మడమెలా? ఇటలీలోని డామా ప్రయోగం చూద్దాం. సోడియం అయొడైడ్ స్ఫటికాల్లో మెరుపులు జూన్ ప్రాంతంలో పెరిగి డిసెంబరులో తగ్గుతున్నాయని, అది కృష్ణ పదార్థం గుర్తేనని ఆ బృందం చెప్పింది. జెనాన్ వాడినవారికి ఏమీ దొరకలేదు. కానీ సేరుతో కొలిచిన బియ్యాన్ని సరిచూడాలంటే సేరుతోనే కొలవాలి కదా! స్పెయిన్‌లో అనైస్, దక్షిణ కొరియాలో కొసైన్ బృందాలు అవే స్ఫటికాలతో ఏళ్ల తరబడి లెక్కించాయి. ఆ హెచ్చుతగ్గులు వాటికి కనిపించలేదు.

కోలార్ ఘటనలకు అలాంటి పరీక్ష ఇంకా మిగిలే ఉంది. మన గనులు 2001లో మూతపడ్డాయి, లోతుల్లో నీరు నిండింది. జార్ఖండ్‌లోని జాదుగూడ యురేనియం గనిలో 555 మీటర్ల లోతున 2017లో ప్రయోగశాల మొదలైంది. ఇక్కడ మొదలైన ప్రశ్నకు జవాబు వెతకాల్సింది మాత్రం మరో గనిలోనే.